కొస మడి కొలత

వైనగంగకు ఇవతల, చంద్రపూర్ జిల్లాలో వరి పండే తాలూకాల వైపు ఒక ఊరు. ఊరి మీద పెద్ద చెరువు. ఎప్పుడో ఒక మాల్గుజారు, అంటే ఊరి శిస్తు వసూలు చేసే భూస్వామి, కట్టించినది. కట్ట ఎత్తేనాడు మట్టి ఎక్కడి నుంచి తేవాలన్న మాట వచ్చింది. కట్ట కిందివి మంచి నల్లమట్టి భూములు, వాటిని తవ్వడానికి ఎవరికీ మనసొప్పలేదు. కాలువ కొసన ఉన్న వాడవాళ్ళ చేలల్లో తవ్వారు. తట్టలు మోసిందీ ఆ వాడవాళ్ళే. కట్ట లేచింది. కొస చేలల్లో మోకాటిలోతు గుంతలు మిగిలాయి.

మొదట్లో వంతులంటూ లేవు. తూము ఎత్తితే ముందు కట్టకింది మడులు తాగేవి, తర్వాత నడిమి మడులు, మిగిలితే కొస మడులు. మిగిలేది కాదు. కొన్నేళ్ళు చూసి చూసి కొసవాడ జనం మారుతి గుడి అరుగు దగ్గరికి వచ్చి కూచున్నారు. నీళ్ళు తేల్చందే నాట్లకు రామన్నారు. పెద్దలు తర్జనభర్జన పడి ఒక ఒప్పందం రాశారు. ఎవరికెంత మడి ఉంటే అంత వంతు, ఎకరానికి ఇన్ని గడియలని, ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఇంతకన్నా న్యాయం ఏముంటుందని అందరూ ఒప్పుకుని లేచారు.

ఆ ఏడు కొసవాడ ముసలమ్మ ఒకావిడ తన వంతు రాత్రి కందిలి పట్టుకుని మడి గట్టున కూచుంది. గడియలు గడుస్తున్నాయి. కాలువ పొడిగానే ఉంది. చాలాసేపటికి ముందు ఎండుటాకులు కదిలాయి, వాటి వెనక నురగ, నురగ వెనక అరచెయ్యి వెడల్పున నీటి పాయ వచ్చింది. అది మడి మూలన దిగి, నెర్రెల్లోకి ఇంకి, ఒక మంచం వేసేంత మేర తడిపింది. అంతలో పైనుంచి కేక వచ్చింది, వంతు అయిపోయిందని. తూము దగ్గర లెక్క తప్పలేదు. ఆమెకు రావలసిన గడియలన్నీ తూము తెరిచే ఉంచారు. అంత దూరం కాలువ తనే తాగింది. ఎండ్రకాయల బొక్కలు తాగాయి, దారిలో గట్టు కోసుకున్న చేతులు తాగాయి.

మళ్ళీ పంచాయితీ. ఈసారి లెక్క తెలిసిన పట్వారీని కూచోబెట్టారు. ఊరి మడులకు సగటున ఎంత తడి అందుతోంది, కొస మడులకు ఎంత అందుతోంది, తేడా ఎంత అని ఆయన కాలువ వెంట నడిచి శ్రద్ధగా లెక్క కట్టాడు. ఇన్ని గడియల నీళ్ళు కొసవాడకు బాకీ అని దస్తరంలో రాశాడు. పెద్దలు కాదనలేదు. వానలు బాగా పడిన ఏడు తీరుస్తామన్నారు. ఈలోగా కట్టకింది వాళ్ళు ఊటబావులు తవ్వుకుని రెండో పంట మొదలుపెట్టారు. ఊరి సగటు పెరిగింది. బాకీ కూడా పెరిగింది, దస్తరంలో అంకె మాత్రం పాతదే ఉంది.

ఒక ఏడు వానలు విరగబడ్డాయి. పటేలు మాట మీద నిలబడే మనిషి. మూడు రాత్రులు తనే నిలబడి తూము నిండా ఎత్తించాడు. కొస కాలువలో ఏళ్ళ తరబడి తీయని పూడిక, నిలువెత్తు తుంగ. అంత నీళ్ళు ఒక్కసారి వచ్చేసరికి గండి పడి, మూడు రాత్రుల నీళ్ళూ వాగులో కలిశాయి. దస్తరంలో మాత్రం బాకీ జమ అయిందని రాసుకున్నారు.

ముసలమ్మ అరుగు దగ్గరికి వచ్చింది.

"పటేలా, బాకీ తీరిందన్నరు. నా మడి తడవలే. ఏడ తీరింది?"

"తూము కాడ తీరిందవ్వా. మూడు రాత్రులు నేనే ఉన్న. మీ కాలువ ఆపుకోకపోతే నేనేం జెయ్యాలె?"

"కొలిచేది తూము కాడ, ఎండేది మా కాడ. కొలత మా కాడికి తెచ్చుండ్రి."

పటేలు మాట్లాడలేదు. ఆమె అరుగు కింద నిలబడ్డ నీరటి వైపు తిరిగింది. మడులకు నీళ్ళు వదిలేది అతనే, అందుకు పంటలో అతనికిచ్చే వాటా మేర.

"కొడుకా, నీ మేర ఏ కళ్ళంల కొలుస్తరు?"

"కట్టకింది కళ్ళంల, అవ్వా."

"అందుకే నీ కాళ్ళు ఆడనే తిరుగుతయి. నీ తప్పేం లేదు బిడ్డా. సగం మేర మా కళ్ళంల కొలువనియ్యి. మా మడి పండితెనే నీకు ఆ సగం. పండకపోతే లేదు. ఇగ జూడు, నీళ్ళెందుకు రావో."

పై మడులవాళ్ళు లేచారు. మా నీళ్ళు తగ్గుతాయన్నారు. కట్టకింద ఎకరం తడిస్తే రెండు పంటలు, కొసన తడిస్తే ఒకటే, నీళ్ళు ఎక్కువ పండేచోట పొయ్యాలి గానీ గుంతల్లో పోస్తారా అన్నారు. అందులోనూ నిజం ఉంది. వాదన మూడు పూటలు నడిచింది. పటేలు చివరికి ఒప్పుకోవడానికి కారణం ధర్మం ఒక్కటే కాదు. అప్పటికి రెండేళ్ళుగా కొసవాడ జనం వరి కోత కాగానే తెలంగాణకు మిరప కోతకు పోతున్నారు. రెండో పంట నాటుకు కట్టకింద మనుషులు దొరకడం లేదు.

ఎండాకాలంలో ఊరంతా కలిసి ముందు కొస కాలువ పూడిక తీసింది. చివరి మడిలో గీతలు చెక్కిన ఒక రాయి పాతారు. నీరు ఏ గీత దాకా వస్తే వంతు ముగిసినట్టో రాసుకున్నారు. ఆ వానాకాలం నీరటి ప్రతి రాత్రీ కాలువ పొడవునా నడిచాడు. బొక్కలు మూశాడు, గట్లకు పెట్టిన కోతలు పూడ్చాడు, కోసినవాణ్ణి పేరు పెట్టి పిలిచి మందలించాడు. నీళ్ళు రెండో జాముకే కొస మడికి చేరాయి. పై మడులకు భయపడినంత తగ్గలేదు, ఎందుకంటే కొసకు చేరినవి చాలావరకు అదివరకు దారిలో పోయిన నీళ్ళే. కొస పంట కట్టకింది పంటతో సమానం కాలేదు. గుంతలు పూడటానికి ఇంకా ఏళ్ళు పడుతుంది. కానీ ఆ ఏడు మిరప కోతకు పోయే బండి సగం ఖాళీగా పోయింది.

నీతి

కథలో ఊరు ఊహ. గుంతలు నిజం. చంద్రపూర్ పట్టణం నుంచి బయల్దేరితే బొగ్గు గనుల మట్టిగుట్టలు కనిపిస్తాయి. 1980ల నుంచి నడుస్తున్న ఇక్కడి థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,920 మెగావాట్లు. ఆ కరెంటు మహారాష్ట్ర అంతటికీ పోతుంది, బూడిద ఇక్కడ ఉంటుంది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ కట్టినప్పుడు చంద్రపూర్ 83.88 మార్కులతో దేశంలో నాలుగో స్థానంలో నిలిచింది. కట్టకు మట్టి ఇచ్చిన చేనంటే ఇదే. వెనకబాటు అనగానే ఆ నేలకు ఏదో లోపం ఉందనుకుంటాం. తీసుకుపోయినదాని జాడ అక్కడ ఎంత ఉందో ముందు చూడాలి.

గుడి అరుగు మీద రాసిన ఒప్పందం కూడా ఊహ కాదు. 1953 సెప్టెంబరు 28న నాగపూర్ ఒప్పందం కుదిరింది. చంద్రపూర్ ఉన్న విదర్భ, మరాఠ్వాడా, మిగతా మరాఠీ ప్రాంతం కలిసి ఒక రాష్ట్రమైతే నిధులు జనాభా నిష్పత్తిలో పంచుతామని అందులో రాసుకున్నారు. మరాఠ్వాడా మీద ప్రత్యేక శ్రద్ధ పెడతామనీ రాశారు. తెలుగువాళ్ళం ఈ కథను వేరేగా వెతుక్కోనక్కర్లేదు. రెండున్నరేళ్ళు తిరక్కుండానే, 1956 ఫిబ్రవరి 20న, మన పెద్దమనుషుల ఒప్పందం వచ్చింది. తెలంగాణ మిగులు తెలంగాణలోనే ఖర్చు పెట్టాలన్నది అందులో ముఖ్యమైన మాట. ఆ మిగులు ఎంతో తేల్చడానికి 1969లో లలిత్ కమిటీ, భార్గవ కమిటీ వెయ్యవలసి వచ్చింది. ఒప్పందం మీద సంతకాలు చేసినవాళ్ళను నేను అనుమానించను. నిజాయితీగానే చేసి ఉంటారు. కాలువ ఎంత తాగుతుందన్నది మాత్రం రెండుచోట్లా ఎవరూ రాసుకోలేదు.

జనాభా లెక్కన సమానంగా పంచడం చూడటానికి న్యాయం. పుణె దగ్గర ఒక కోటి రూపాయలు పెట్టి రోడ్డు వేస్తే ఆ రోడ్డు మీద పోవడానికి అప్పటికే ఫ్యాక్టరీ ఉంది, కాలేజీ ఉంది, సరుకు కొనేవాడు ఉన్నాడు. తెలంగాణ సరిహద్దున మాణిక్‌గఢ్ గుట్టల మీది జివతి తాలూకాలో అదే కోటి పెడితే గుట్ట ఎక్కడానికే సగం సరిపోతుంది, ఎక్కాక మోసుకురావడానికి సరుకు ఉండదు. రెండుచోట్లా తూము ఒకే గడియలు తెరిచినట్టే.

పట్వారీ లెక్క మహారాష్ట్రలో దండేకర్ కమిటీ కట్టింది. అర్థశాస్త్రవేత్త వి.ఎం.దండేకర్ అధ్యక్షతన 1983లో వేసిన కమిటీ మరుసటేడు నివేదిక ఇచ్చింది. రోడ్లు, సాగునీరు, కరెంటు, బడి, ఆసుపత్రి, తాగునీరు లాంటి ఒక్కో రంగంలో రాష్ట్ర సగటు తీసి, ఏ జిల్లా ఎంత కింద ఉందో కొలిచి, ఆ లోటును పూడ్చడానికి ఎంత డబ్బు కావాలో చెప్పింది. మరాఠీలో దాన్ని అనుశేష్ అంటారు. మన మాటలో బాకీ. మొత్తం దాదాపు 3,187 కోట్లు. అందులో విదర్భ వాటా 39 శాతం. ఆ పని గొప్పది. అంతవరకు ఏడుపుగా ఉన్నదాన్ని అంకెగా మార్చింది. పదేళ్ళ తర్వాత, 1994 ఏప్రిల్ 1 నాటి పరిస్థితిని ఇంకో కమిటీ కొలిస్తే బాకీ 14,007 కోట్లకు చేరింది. ధరలు పెరిగిన సంగతి పక్కన పెట్టినా, అందులో విదర్భ వాటా 47 శాతం అయింది. అంటే తీరుస్తున్న కాలంలోనే ఈ వైపు భాగం పెరిగింది. సగటు నిలబడి ఎదురుచూడదు. ముందున్నవాళ్ళు ఊటబావి తవ్వుకుంటూనే ఉంటారు. బాకీని ఒకసారి లెక్కకట్టి బీరువాలో పెట్టకూడదు, ఏటా కొలవాలి.

ఏటా కొలవడానికి ఒక ఏర్పాటూ జరిగింది. రాజ్యాంగంలోని 371(2) అధికరణం ప్రకారం విదర్భకు, మరాఠ్వాడాకు, మిగతా మహారాష్ట్రకు విడివిడిగా అభివృద్ధి మండళ్ళు 1994లో ఏర్పడ్డాయి. నిధుల పంపకంపై ఆదేశాలిచ్చే ప్రత్యేక బాధ్యత గవర్నరుకు వచ్చింది. ఆ మండళ్ళ గడువు 2020 ఏప్రిల్ 30తో ముగిసింది. కరోనా మొదటి నెలల్లో ఆ వార్త చాలామంది చెవిన పడలేదు. కొలిచే చెయ్యి లేకుండా బాకీ గురించి మాట్లాడటం కష్టం.

సగటు ఇంకో అన్యాయమూ చేస్తుంది. గనులు, కరెంటు, సిమెంటు, బల్లార్‌పూర్ కాగితం మిల్లు అన్నీ కలిసేసరికి జిల్లా తలసరి ఆదాయం కాగితం మీద నిండుగా కనిపిస్తుంది. బొగ్గు విలువ జిల్లా ఆదాయంలో పడుతుంది గానీ కొలాం ఆదివాసీల గూడెంలో పడదు. ఒకప్పుడు నిజాం రాజ్యంలో మన ఆదిలాబాద్ జిల్లాలో భాగంగా ఉన్న రాజురా ప్రాంతంలో సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం నుంచి గంట దూరంలోనే బిందెతో గుట్ట దిగే ఆడవాళ్ళున్నారు. ఇద్దరి సగటూ తీస్తే ఇద్దరి బతుకూ అందులో ఉండదు. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఏడు, తెలంగాణలో తొమ్మిది వెనకబడిన జిల్లాలకు కేంద్రం జిల్లాకు ఏడాదికి 50 కోట్ల చొప్పున లెక్కకట్టింది. అనంతపురానికీ అంతే, విజయనగరానికీ అంతే. లోటు ఎక్కడ ఎంత అన్నది అడగకుండా జిల్లాకింత అనడం గడియల లెక్కే. ఐరోపా సమాఖ్య దేశాన్ని కాకుండా ప్రాంతాన్ని చూస్తుంది. తలసరి జీడీపీ సమాఖ్య సగటులో 75 శాతం కన్నా తక్కువ ఉన్న ప్రాంతాలకు ఎక్కువ నిధి ఇస్తుంది. మనకైతే ప్రాంతం కూడా పెద్దదే. తాలూకా దాకా దిగాలి.

ఇక మూడు రాత్రుల నీళ్ళు వాగులో కలవడం. గోసీఖుర్ద్ ప్రాజెక్టు గురించి చెప్పకుండా ఇది ముగియదు. వైనగంగ మీద కట్టే ఆ ప్రాజెక్టు మొదటి అంచనా 372 కోట్లు. 1988 ఏప్రిల్‌లో ప్రధాని రాజీవ్ గాంధీ శంకుస్థాపన చేశారు. భండారా, నాగపూర్, చంద్రపూర్ జిల్లాల్లో రెండున్నర లక్షల హెక్టార్లకు నీళ్ళివ్వాలన్నది లక్ష్యం. 2009లో జాతీయ ప్రాజెక్టు అయింది. అంచనా 18 వేల కోట్లు దాటింది. ఆనకట్ట ముందు లేచింది, కాలువలు, పిల్లకాలువలు ఏళ్ళ తరబడి వెనకబడ్డాయి. బిల్లు కాంక్రీటుకూ మట్టిపనికీ వచ్చినప్పుడు పని అక్కడే నడుస్తుంది. చివరి మడి తడిసినందుకు బిల్లు రాదు. నీరటి మేర ఏ కళ్ళంలో కొలుస్తారన్న ముసలమ్మ ప్రశ్నకు ఇంత డబ్బు మీదా ఎవరూ జవాబు చెప్పలేదు. తూర్పు విదర్భలో మాల్గుజారీ చెరువులు వేలల్లో ఉన్నాయి. 1950ల తొలినాళ్ళలో మాల్గుజారీ రద్దయ్యాక అవి ప్రభుత్వం చేతికి వచ్చాయి, పూడిక తీసే పని మాత్రం ఎవరి చేతికీ పూర్తిగా రాలేదు. కొత్త కాలువ కోసం వేలకోట్లు ఎదురుచూస్తున్న ఊళ్ళోనే పాత చెరువు పూడిపోతోంది.

వెనకబడిన చోటికి డబ్బు ఇస్తే ఖర్చు పెట్టుకోలేరు, మార్చి ఆఖరుకు తిరిగి వచ్చేస్తుంది అంటారు. నిజమే, వస్తుంది. ఇంజనీరు పోస్టు, డాక్టరు పోస్టు, తాలూకా గుమాస్తా పోస్టు ఖాళీగా ఉన్నచోట ఖర్చు ఎవరు చేస్తారు? అందుకని మొదటి రూపాయి కాలువ పూడికకే పోవాలి. అంటే మనుషులకు, శిక్షణకు, అక్కడ ఉండటానికి ఇళ్ళకు. ఖర్చుకాని డబ్బు వెనక్కి పోకూడదు. ఈశాన్య రాష్ట్రాల విషయంలో కేంద్రం 1998లో ఆ పని చేసింది. మంత్రిత్వ శాఖలు అక్కడ ఖర్చు పెట్టవలసిన పదిశాతంలో మిగిలిపోయినది మురిగిపోకుండా ఒక నిధిలో జమచేసింది. అదే సూత్రం విదర్భకు, రాయలసీమకు, ఆసిఫాబాద్‌కు ఎందుకు పనికిరాదో నాకు అర్థం కాదు.

ఎక్కువ పండేచోట నీళ్ళు పొయ్యాలన్న పై మడులవాళ్ళ మాటను కొట్టిపారెయ్యలేం. ముంబయిలో పెట్టిన రూపాయి తొందరగా రెండు రూపాయలు అవుతుంది, ఆ పన్నుతోనే చంద్రపూర్‌కు నిధులు వస్తాయి. కానీ పని కోసం మనుషులు కదలాలి గానీ డబ్బు కదలకూడదు అనేవాళ్ళు, కదిలేదెవరో చూడాలి. చదువుకున్నవాడు పుణెకు పోయి స్థిరపడతాడు. చదువు లేనివాడు మిరప చేలో గుడిసె వేసుకుని, పిల్లల బడి మాన్పించి, రెండు నెలల తర్వాత తిరిగి వస్తాడు. రెండూ ఒక వలస కావు.

చంద్రపూర్ చేతిలో ఇప్పటికే ఒక తూము ఉంది. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో ప్రతి గని జిల్లాలోనూ జిల్లా ఖనిజ నిధి ఏర్పడింది. 2015 జనవరి 12కు ముందిచ్చిన లీజులపై రాయల్టీలో 30 శాతం, వేలంలో ఇచ్చిన వాటిపై 10 శాతం అందులో చేరాలి. మట్టి తవ్విన చేనికే కొంత తిరిగి రావాలన్న సూత్రం చట్టంలోకి ఎక్కడం చాలా పెద్ద విషయం. తాగునీరు, వైద్యం, చదువు లాంటి వాటికి కనీసం 60 శాతం ఖర్చు చెయ్యాలని మొదటి నిబంధన, 2024లో దాన్ని 70 చేశారు. ఇంత బాగా రాసిన నిబంధన కూడా కొలిచేది ఖర్చునే. ఎన్ని పనులు మంజూరయ్యాయి, ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది అన్నది చూస్తుంది. ఫ్లోరైడు నీళ్ళు తాగే ఊళ్ళో కుళాయి నీటిలో ఫ్లోరైడు ఎంతకు దిగింది, గని పక్క బడిలో ఐదో తరగతి పిల్లల్లో చదవగలిగేవాళ్ళు ఎంతమంది అయ్యారు అన్నవి ఆ లెక్కలోకి రావు.

వాటిని తేవడానికి కొత్త చట్టం అక్కర్లేదు. తాలూకాకు ఒక పుట చాలు. జివతి, కోర్పనా, రాజురా, గోండ్‌పిప్రీ, ఒక్కోదానికి ఒక్కో పుట. ఎండాకాలంలో ఇంటికి నీళ్ళు ఎంత దూరం నుంచి వస్తున్నాయి, డాక్టరు ఎన్ని రోజులు ఉన్నాడు, వలస పోయిన కుటుంబాలు ఎన్ని, బడి మానిన పిల్లలు ఎందరు. ఈ నాలుగూ గ్రామసభలో జనం చెబితే రాయాలి, మరాఠీ, గోండి, తెలుగు ఏది మాట్లాడేచోట ఆ మాటలో చదివి వినిపించాలి. పనులు చేసే అధికారి వార్షిక నివేదికకూ కాంట్రాక్టరు ఆఖరి బిల్లుకూ ఆ పుటలోని అంకెలే ఆధారం కావాలి. వచ్చే ఏప్రిల్‌లో మొదలుపెట్టడానికి కలెక్టరు కార్యాలయానికి ఉన్న అధికారం సరిపోతుంది.